ఎడమ పక్క పసుపు దీపం

మెర్వ్ ట్రాంటర్ తొట్టిలో వేసి తిప్పి చూడకుండా ఏ పంపునూ అమ్మడు. మైట్లాండ్ ఊరి చివర అతని కొట్టు వెనక తుప్పు పట్టిన పెద్ద నీళ్ళ తొట్టి ఒకటుంది. పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త పంపైనా సరే, అందులో కాసేపు ఆడాల్సిందే. "పొలంలో ఆగితే ఆవులు దాహంతో అల్లాడతాయి. ఇక్కడ ఆగితే నా మొహం చిన్నబోతుంది, అంతే" అంటాడు. తప్పనేది ఎక్కడో ఒకచోట బయటపడక మానదు, అది చౌకగా బయటపడే చోటు చూసుకోవడమే వ్యాపారం అని అతని లెక్క. ఆ లెక్క ఇన్నేళ్ళలో అతనికి నష్టం తేలేదు.

ఆ ఆగస్టు శనివారం మధ్యాహ్నం అతను తనను తానే తొట్టిలో వేసుకోబోతున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అనుమానం ఈస్టరుకు ముందే మొదలైంది. ట్రక్కు ఎడమ అద్దం ఒక పాడి రైతు గేటుకు తగిలి పగిలింది. గేటు ఇరుకన్నాడు. మార్పించిన అద్దం మళ్ళీ పగిలింది. చెట్టు కొమ్మ అన్నాడు. కౌంటరు మీద ఎడమ చేతివైపున్న టీ కప్పు రెండుసార్లు కిందపడింది. అక్కడ పెట్టినందుకు భార్య నొయెలీన్‌ను విసుక్కున్నాడు. ఒక్కోదానికి ఒక్కో కారణం దొరికింది. కానీ గోదాములో సరుకంతా ఒకే పక్క నుంచి పాడవుతుంటే, ఆ పక్క కప్పు కారుతోందని తెలియని వ్యాపారి ఉండడు.

ఇక మొన్న మంగళవారం. ఒక మోటారు దింపి వస్తూ బడి పక్క వీధిలో ఎడమకు తిరిగాడు. వీధి ఖాళీ. ఖాళీ అనే అనుకున్నాడు. ట్రక్కు పక్క రేకు మీద ఎవరో అరచేత్తో దబదబా బాదిన చప్పుడైంది. బ్రేకు తొక్కి దిగి చూస్తే, చంటిపిల్ల బండిని వెనక్కి లాక్కుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. బండి ముందు చక్రానికీ ట్రక్కు వెనక చక్రానికీ మధ్య జానెడు ఎడం. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నన్ను చూస్తూనే తిప్పారు" అంది, అంతే. ఎండ కళ్ళలో పడిందన్నాడు మెర్వ్. ఎండ అతని వీపు వైపుంది. ఆ ముక్క ఇద్దరికీ తెలుసు.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. కానీ అక్కడ తూకం వేసేది ఇంకొకరు, ముల్లు ఎటు మొగ్గితే అదే ఖాయం. పైగా ట్రక్కు లేని పంపుల కొట్టు సగం కొట్టు. కొండల మధ్య పొలాలకు మట్టి దారుల్లో మోటార్లు చేర్చి, బిగించి, ఆడించి వచ్చేది అతనే. నొయెలీన్ కారే భయపడుతూ నడుపుతుంది. ట్రక్కు తాళాలు జేబులోంచి పోతే తనలో ఎంత మిగులుతుందో మెర్వ్ లెక్కేశాడు. మొదటిసారి మిగిలింది తక్కువ వచ్చింది. మళ్ళీ వేశాడు, ఇంకా తక్కువ వచ్చింది.

అందుకే తనతో తాను ఒక బేరం కుదుర్చుకున్నాడు. శనివారం క్లబ్బులో గూడ్సు బండి నడపాలి. దారిలో ఎడమ పక్క వచ్చే సిగ్నళ్ళన్నీ తన కళ్ళతో తనే చూస్తే తాళాలు జేబులోనే ఉంటాయి. ఒక్కటి తప్పినా తాళాలు నొయెలీన్ కౌంటరు వెనక కొక్కేనికి, తను డాక్టరు దగ్గరికి. రోడ్డు మీద తప్పితే ఒక ప్రాణం. అక్కడ తప్పితే తెర మీద బొమ్మ. ఇంతకన్నా చౌకైన తొట్టి దొరకదు.

క్లబ్బంటే పచ్చిక మైదానంలో బంతులు దొర్లించే ముసలివాళ్ళ క్లబ్బు వెనకున్న రేకుల షెడ్డు. లోపల సగం ఇంజను ఉంది. ముక్కు లేదు, చక్రాల్లేవు, డ్రైవరూ, బొగ్గూ నీళ్ళూ చూసుకునే ఫైర్‌మనూ కూర్చునే గది మాత్రమే. పాత ఇనుము కొట్లో ఏరుకొచ్చిన అసలు పిడులు, అసలు కవాటాలు. కిటికీలు ఉండాల్సిన చోట తెరలు. పిడి లాగితే కంప్యూటరు లోపలి ఇంజనుకు ఆవిరి వెళుతుంది, బ్రేకు తిప్పితే లోపలి బండి మూలుగుతుంది. సీట్ల కింద బిగించిన స్పీకర్లు నడుముకు అదురు తెప్పిస్తాయి. ఎడమ సీటు డ్రైవరుది, కుడి సీటు ఫైర్‌మనుది. ఎవరి తెర వాళ్ళదే.

వాళ్ళు నడిపేది గారట్ ఇంజను. మధ్యలో ఒక పెద్ద బాయిలరు, దాని ముందొక చక్రాల జట్టు, వెనకొక చక్రాల జట్టు, ముందు జట్టు మీద నీళ్ళ ట్యాంకు. బొగ్గు గూడ్సు లాగడానికి పుట్టిన మృగం. ఏటా ఆగస్టులో ప్రతి డ్రైవరూ ఆ ఇంజనుతో నిండు బండిని గోస్‌ఫర్డ్ నుంచి నది దాటించి, కోవన్ ఎక్కుడు మీదుగా, వెనక తోసే ఇంజను సాయం లేకుండా పైకి చేర్చాలి. మధ్యలో ఆపి మళ్ళీ మొదలెట్టడం లేదు. చేరిస్తే గోడ మీది పలకలో పేరు డ్రైవర్ల వరసలో నిలుస్తుంది.

ఆ పలక కింద ఇంకో చిన్న చెక్క ఉంది. దాని మీద పెద్దాయన కెల్వ్ బ్రోమ్‌హెడ్ ఎర్ర రంగుతో రాసిన మాట: చూశాకే పలుకు. కెల్వ్ కుర్రతనంలో అసలు గారట్ల మీద ఫైర్‌మనుగా పనిచేసినవాడు, ఇప్పుడు ఎనభై దాటాడు. సిగ్నలు కనబడగానే ముందు చూసినవాడు రంగు పేరు పిలవాలి. రెండోవాడు తన కళ్ళతో చూసి, ఆ తర్వాతే తిరిగి పిలవాలి. విన్నది తిరిగి అంటే కుదరదు. "విని పలికేవాడికి చిలక్కీ తేడా ఏముందిరా? చిలకైతే జీతం అడగదు" అనేవాడు కెల్వ్.

ఈస్టరు నుంచి మెర్వ్ చేస్తున్నది ఆ చిలక పనే. రోండా పిలవగానే అతని నోరు పలికేది, తల ఆ తర్వాత తిరిగేది. పలికాక చూసినా చూసినట్టే కదా అని సర్దుకునేవాడు.

రోండా పికెట్ అతని ఫైర్‌మను. ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపి మానేసిన మనిషి. మెర్వ్ షెడ్డులోకి వచ్చేసరికి ఆమె కుడి సీట్లో కూర్చుని సాసేజ్ రోల్ తింటూ బాయిలరు నీటి గొట్టం చూస్తోంది.

"ఆలస్యం" అంది తల తిప్పకుండా. "నా బస్సయితే నిన్ను వదిలేసి వెళ్ళిపోయేదాన్ని."

"నీ బస్సెక్కి బడికెళ్ళిన పిల్లలు ఒక్కరన్నా పైకొచ్చారా?"

"ఒకడు మేయరయ్యాడు. పైకి రావడమంటే అదే అయితే వచ్చినట్టే." చేతులు దులుపుకుని అతన్ని పరకాయించి చూసింది. "ఏంటి, అలా పాలిపోయావు?"

"ఏం లేదు. ఈవేళ సిగ్నళ్ళు నేను ముందు పిలుస్తా."

"ఎందుకట? నా గొంతు బాగోలేదా?"

"పాసవ్వాల్సింది నేను. నువ్వు పిలిస్తే నేను పలికి పాసైతే, అది నీ పాసు."

"అయితే నేను నోరు మూసుకు కూర్చోవాలన్నమాట. మా ఆయన నలభై ఏళ్ళుగా అడుగుతున్నాడు, ఆయన వల్లే కాలేదు."

"నేను ఆలస్యం చేస్తే పిలువు. పిలవొద్దనడం లేదు."

"ఎంత ఆలస్యం?"

"రెండు ఊపిర్లు."

రోండా ఆ మాటకు నవ్వలేదు. "నావా, నీవా?" అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగకుండా బొగ్గు తోసే మర తిప్పడం మొదలెట్టింది.

ప్లైవుడ్ గోడకు అవతల కెల్వ్ కూర్చుంటాడు. దారిలో సిగ్నళ్ళు, వాన, పొగమంచు, ఎదురొచ్చే బళ్ళు అన్నీ ఆయన చేతిలోవే. ఫోను గణగణమంది. "అబ్బాయ్, సిద్ధమేనా? పొద్దున వాన పడిందనుకో. పట్టాలు తడి."

"వాన నిజంగా పడిందా, మీరు పడేశారా పెద్దాయనా?" రోండా గొంతు పెంచి అడిగింది.

"దేవుడు బిజీగా ఉంటే నేనే చూసుకుంటా" అని ఫోను పెట్టేశాడు కెల్వ్.

మెర్వ్ ఆవిరి పిడి మీద చెయ్యి వేశాడు.  లాగాడు. సీటు కింద అదురు పుట్టింది, వెనక బొగ్గు పెట్టెల గొలుసులు ఒక్కొక్కటే బిగిసిన చప్పుడు వరసగా సాగింది, బండి కదిలింది.

మొదటి సిగ్నలు యార్డు చివర. మెర్వ్ మెడను పూర్తిగా ఎడమకు తిప్పాడు, రోడ్డు దాటించే ముందు పిల్లలకు నేర్పినట్టు. ఉంది. పచ్చ.

"పచ్చ."

"పచ్చ" అంది రోండా, ఒక క్షణం ఆగి, చూసి.

 రెండోదీ దొరికింది. నీటి అంచున వంపు తిరిగే దారిలో మూడోదీ. పెద్ద సొరంగం దాటి వెలుతురులోకి వచ్చాక ఇంకోటి. కుడి మలుపుల్లో బాయిలరు అడ్డం వచ్చి డ్రైవరుకు దారి కనబడదు, అక్కడ పిలవాల్సింది ఫైర్‌మనే, అది ఎవరికైనా అంతే. మిగతావన్నీ మెర్వే పిలిచాడు. మెడ తిప్పితే దొరుకుతున్నాయి. దాన్ని అతను వెంటనే జమ వైపు వేసుకున్నాడు. కన్ను ఒక మూల తక్కువైతే కావొచ్చు, మెడ ఉంది. తూకంలో తగ్గిన దాన్ని పైన ఇంత వేసి సరిపెట్టడం లేదా? ట్రక్కులోనూ అంతే, ప్రతి మలుపులో మెడ తిప్పాలి. జాగ్రత్తగా ఉంటే చాలు.

అంతలోనే ఇంకో లెక్క అడ్డం వచ్చింది. ఇక్కడ సిగ్నళ్ళు ఎక్కడ నిలబడతాయో అతనికి తెలుసు. ఏళ్ళ తరబడి నడిపిన దారి. చంటిపిల్ల బండి ఎక్కడ నిలబడుతుందో ఎవరు చెప్పారు? ఆ ఆలోచనను పక్కకు నెట్టి, నది వంతెన మీద వేగం చూసుకున్నాడు.

"నీళ్ళు బాగున్నాయి, ఆవిరి బాగుంది" అంది రోండా. "నువ్వే బాలేవు. మెడ పట్టేస్తుంది నాయనా, గుడ్లగూబలా ఆ తిప్పుడేంటి?"

"పని చూసుకో."

"చూసుకుంటున్నా. అందుకే అడిగా."

 వంతెన అయిపోయింది. నది ఒడ్డు స్టేషను వెనక్కి జారింది, కొండ మొదలైంది. సీటు కింద అదురు మారింది. ఒక్కో ఊదుకూ ఇంజను దమ్ము బిగబట్టి వదులుతున్నట్టుంది. వేగం నడక స్థాయికి దిగింది. ఇక్కడి నుంచి బండి మొత్తం ఒక్క పట్టు మీద ఆధారపడుతుంది, తడి పట్టాల మీద ఇనప చక్రం పట్టు. గారట్‌తో వచ్చిన చిక్కేమిటంటే, ఎక్కేకొద్దీ నీళ్ళు ఖర్చవుతాయి, నీళ్ళు ఖర్చయ్యేకొద్దీ ముందు ట్యాంకు తేలికవుతుంది, ట్యాంకు తేలికయ్యేకొద్దీ దాని కింది చక్రాలు పట్టు వదిలేస్తాయి. ఎక్కడ బలం ఎక్కువ కావాలో అక్కడే బరువు తగ్గిపోతుంది. ఈ లెక్కంటే మెర్వ్‌కు ఎప్పుడూ మోజు. ఈవేళ మాత్రం అది తన గురించి చెబుతున్నట్టుంది.

బొరోనియా సొరంగాలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. మొదటిది దాటారు. "పచ్చ" అని పిలిచాడు, ఆమె చూసి పలికింది. రెండోదాని నోట్లోకి వెళ్ళగానే తెరలు నల్లబడి, పొగ కమ్మి, సీటు కింద అదురు ఒక్కసారిగా పిచ్చి పట్టినట్టు తడబడింది.

"ముందు జట్టు జారుతోంది" అంది రోండా.

అతను పిడి వెనక్కి నెట్టాడు, పట్టు కోసం పట్టాల మీదికి ఇసుక వదిలాడు. చక్రాలు తిరుగుతున్నాయి, బండి ముందుకు సాగడం లేదు. వేగం ముల్లు పడిపోతోంది. ఇక్కడ ఆగితే మళ్ళీ కదలదు. వెనక తోసే ఇంజనును పిలవాలి. చక్రాలు పట్టుకున్నాయి. పిడి కొంచెం లాగాడు. మళ్ళీ జారాయి. మళ్ళీ వదిలాడు. చెమట కనుబొమల మీంచి దిగుతోంది. రోండా నీళ్ళు తోసే కవాటంతో కుస్తీ పడుతోంది. నీళ్ళు ఎక్కువ పోస్తే ఆవిరి చల్లబడుతుంది, తక్కువ పోస్తే కొండ దాటి అటు వాలినప్పుడు నీళ్ళు ముందుకు జారి, నిప్పు మీదుండే బాయిలరు నడినెత్తి ఎండుతుంది.

"నొక్కిపెట్టు, నొక్కిపెట్టు" అంది, ఇంజనుతో అందో అతనితో అందో తెలియలేదు.

వెలుతురు వచ్చింది. మూడో సొరంగం మింగింది. మళ్ళీ వెలుతురు. ఇంజను ఊదు ఒక్కోటి ఒక్కో మెట్టు ఎక్కినట్టు నిదానంగా, నిలకడగా పడుతోంది. పట్టుకుంది. మెర్వ్ కళ్ళు వేగం ముల్లు మీంచి ఆవిరి ముల్లు మీదికి, అక్కడి నుంచి మళ్ళీ వేగం మీదికి వెళ్ళాయి. షెడ్డు బయట ఎవరో బంతి దొర్లించి నవ్వుతున్నారు. లోపల రోండా ఏమీ మాట్లాడటం లేదు. ఆమె అంత సేపు మాట్లాడకుండా ఉండటం అతను ఎప్పుడూ ఎరగడు. ఆ సంగతి గమనించాడు, ఎందుకో మాత్రం ఆలోచించలేదు.

"పసుపు" అంది రోండా.

"పసుపు" అన్నాడు మెర్వ్.

చెయ్యి దానంతటదే పిడిని తగ్గించింది. ఇన్నేళ్ళ అలవాటు. ఆ తర్వాత తల ఎత్తి చూశాడు. ఎదురుగా పట్టాలు, బండ, ఆకాశం. దీపం లేదు. ఎక్కడుంది అనుకుంటూ మెడ తిప్పాడు. అప్పుడు, ఏమీ లేని చోట్లోంచి తలుపు తీసుకుని వచ్చినట్టు, ఎడమ తెర అంచున దీపం ప్రత్యక్షమైంది. పళ్ళెమంత ఉంది. పసుపు. చూస్తుండగానే తెర దాటి వెనక్కి పోయింది.



తర్వాతిది ఎరుపు కావొచ్చు. పసుపుకు అర్థం అదే. బండిని ఎక్కుడు మీద పాకిస్తూ, ఆగకుండా, జారకుండా పట్టుకున్నాడు. చేతులు పని చేస్తున్నాయి, మనసు అక్కడ లేదు. నాలుగో సొరంగం దాటాక ఈసారి ముందుగానే మెడ తిప్పి పట్టుకున్నాడు. ఎరుపు. దూరంగా. "ఎరుపు" అని పిలిచాడు. "ఎరుపు" అంది ఆమె. ఇంకా పాకించాడు. ఇంకో బండి పొడవు దాటితే ఆగక తప్పదనగా దీపం మారింది.

"పచ్చ."

"పచ్చ. లాగు నాయనా, లాగు."

లాగాడు. కొండ తల మీద పట్టాలు సమంగా పరుచుకున్నాయి, సీటు కింద అదురు మెత్తబడింది, కోవన్ స్టేషను బోర్డు పక్కనుంచి సాగిపోయింది. ప్లైవుడ్ గోడ అవతలి నుంచి కెల్వ్ కర్ర నేలకేసి కొట్టడం వినిపించింది. అది ఆయన చప్పట్లు.

మెర్వ్ బ్రేకు వేసి, బండి నిలిచాక కూడా చేతులు పిడుల మీంచి తియ్యలేదు.

లెక్క మళ్ళీ వేసుకుంటున్నాడు. చక్రాలు జారాయి, సొరంగం పొగ, కళ్ళు ముల్లు మీదున్నాయి, ఎవరి కళ్ళయినా ముల్లు మీదే ఉండేవి. అది లెక్కలోకి రాకూడదు. మిగతావన్నీ చూశాడు కదా, ఎరుపు కూడా తనే చూశాడు. వందలో ఒకటి పోతే ఏ సరుకులో పోదు? ఆ మాట దగ్గర ఆగాడు. అతని కొట్లో ఒక రకం మనుషులు ఉంటారు. తక్కెడ ముల్లు నిలబడ్డాక తట్టను వేలితో కొంచెం ఎత్తి చూస్తారు. అలాంటివాళ్ళకు మెర్వ్ ఎన్నడూ అరువివ్వడు. ఇప్పుడు తట్ట కింద వేలు ఎవరిదో చూసుకున్నాడు.

కెల్వ్ కర్ర ఊతంతో వచ్చాడు, చేతిలో సగం చక్కెరే ఉన్న టీ. "జారినప్పుడు పట్టుకున్నావే, అదీ పని అంటే. మా రోజుల్లో అక్కడ నలుగుర్లో ముగ్గురు ఆగిపోయేవాళ్ళు. నీ పేరు ఉన్న చోటే ఉంటుంది."

"మార్చండి" అన్నాడు మెర్వ్.

"ఏంటీ?" కెల్వ్ మంచి చెవి ఇటు తిప్పాడు.

"నా పేరు పక్క వరసలోకి మార్చండి. ఫైర్‌మన్ల వరసలోకి."

"పైకి తెచ్చావు కదరా."

"తెచ్చింది ఇంజను. మూడోదాని తర్వాత పసుపు నేను చూడలేదు. విని పలికాను."

 కెల్వ్ చెక్క మీది ఎర్ర అక్షరాల వైపు చూశాడు, తర్వాత మెర్వ్ వైపు. తిడతాడనుకున్నాడు మెర్వ్. పెద్దాయన టీ ఒక గుక్క తాగాడు.

"కుడి పక్క బాగా కనబడుతుందా?"

"కుడి పక్క దోమ కూడా కనబడుతుంది."

"బాయిలర్లోకి నీళ్ళు ఎక్కించడం వచ్చా?"

"పంపులమ్ముకునే వాణ్ణి. అది కూడా రాకపోతే ఎలా?"

"అయితే సరే" అని కెల్వ్ సుద్ద కోసం వెతుకుతూ వెళ్ళిపోయాడు.

రోండా సీటు దిగలేదు. సాసేజ్ రోల్ తెచ్చుకున్న కాగితం సంచిని చిన్నగా మడుస్తోంది, మడిచిందే మళ్ళీ మడుస్తోంది. మెర్వ్ జేబులో చెయ్యి పెట్టి ట్రక్కు తాళాలు తీశాడు. బరువుగా ఉన్నాయి, గోదాము తాళం చెవి కూడా అదే రింగులో ఉంది. వాటిని ఆమె సీటు పక్కనున్న ఖాళీ టీ సాసరులో పెట్టాడు.

"ఇంటికి నువ్వు నడుపు" అన్నాడు.

ఆమె తాళాల వైపు చూసింది. "రెండు ఊపిర్లు అన్నావు" అంది మెల్లగా. "నాకు ఊపిరే ఆడలేదు మెర్వ్. అది అంత పెద్దగా కనబడుతోంది. ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు చూస్తాడు అని ఆగాను."

"నీకు ముందే తెలుసా?"

"ఈస్టరు నుంచి. కుడి పక్కవి నాకన్నా ముందు పిలుస్తావు. ఎడమ పక్కవి నేను పిలిచేదాకా నీ లోకంలో ఉండవు. అందుకే త్వరత్వరగా పిలుస్తూ వచ్చాను."

"ఒక్క మాట చెప్పలేదే."

"నా బస్సు తాళాలు ఇచ్చేయమని ఎవరన్నా వచ్చుంటే వాళ్ళ చెవి కొరికేదాన్ని. నువ్వూ కొరుకుతావనుకున్నా." సంచి మడత విప్పింది. "బడి దగ్గరి అమ్మాయి మా పక్కింటావిడ కోడలు. నాకు నిన్న తెలిసింది. ఈవేళ నువ్వు ముందు పిలుస్తా అన్నప్పుడు అర్థమైంది, నువ్వే చూసుకుంటున్నావని. అందుకని నోరు మూసుకున్నా. ఇక్కడ పిలవడానికి నేనున్నా. ట్రక్కులో ఎవరున్నారు?"

 ఆమె తాళాలు తీసుకుని లేచింది.

బయట గాలి చల్లగా ఉంది. ట్రక్కు దగ్గరికి వెళ్ళి మెర్వ్ అలవాటుగా కుడి తలుపు వైపు నడిచాడు. రోండా అక్కడ నిలబడి చూస్తోంది. తిరిగి ఎడమ వైపు వెళ్ళాడు. ఆ తలుపు తీసి ఎన్నాళ్ళయిందో. సీటు నిండా పైపు మలుపులు, రబ్బరు రింగులు, సగం వాడిన టేపు చుట్టలు. ఆ సీట్లో మనిషి కూర్చుంటాడని అతను ఎప్పుడూ లెక్క వెయ్యలేదు. ఒక్కొక్కటే తీసి వెనక వేశాడు. రోండా తొందర పెట్టలేదు. చోటు చాలినంత అయ్యాక ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు. కొత్త అద్దంలో అతని ఎడమ చెవి కనబడింది.

"నొయెలీన్‌కు ఏం చెబుతావు?"

"ఏం జరిగిందో అది చెబుతా. బడి దగ్గరిది కూడా. సోమవారం పొద్దున్నే డాక్టరుకు ఫోను చేయమంటా, నన్ను నమ్మకుండా తననే చేయమంటా."

"సరుకు ఎవరు చేరుస్తారు?"

"తెలీదు." ఆ మాట అతని నోట ఎంత అరుదుగా వస్తుందో అతనికే వింతగా ఉంది. "కొన్నాళ్ళు ఎవరి పంపు వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలేమో. సగం మంది రారు."

"సగం మంది వస్తారన్నమాట" అంది రోండా.

ఆమె ట్రక్కు స్టార్టు చేసింది. బౌలింగ్ క్లబ్బు గేటు దాకా బండి పాకింది. అక్కడ వీధి రెండు వైపులా సాగుతుంది. రోండా బ్రేకు మీద కాలుంచి ఆపింది. ఆమె వైపు నుంచి చూస్తే ఎడమ పక్కంతా మెర్వ్ భుజమే అడ్డం.

"ఎడమ?" అని అడిగింది, షెడ్డులో రంగు పిలిచినట్టే.

మెర్వ్ మెడ పూర్తిగా తిప్పాడు. రోడ్డు, పచ్చిక, ఒక పోస్టు డబ్బా. ఇంకేమైనా ఉందేమో, ఉండి కూడా తనకు కనబడటం లేదేమో. ఖాళీ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"నాకు కనబడిందాంట్లో ఏమీ లేదు" అన్నాడు. "నువ్వు కూడా చూడు."

అతను వీపు సీటుకు ఆనించి భుజం తప్పించాడు. రోండా ముందుకు వంగి, అతని మీదుగా, తాపీగా చూసింది.